ఈదమ్మ కొన్న వానకోటు

అనగనగా ఒక అడవి ఉండేది. ఆ అడవికి పులి భయం లేదు, కరువు భయం లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. ఏం పోయినా, ఎవరు మోసం చేసినా, అక్కడి జంతువులన్నీ "పోనీలే" అనేవి. చెవి తెగినా పోనీలే, తోక తెగినా పోనీలే. చెబుతుంటే నాకే విసుగొస్తోంది పిల్లలూ, ఇక ఆ అడవిలో కాపురం చేసే ఈదమ్మకు ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి.

ఈదమ్మ ఒక ముళ్లపంది. ఆమెకు చుక్కి అని ఒక్కతే కూతురు. చుక్కికి ఇంకా ముళ్లు గట్టిపడలేదు. నాలుగు చినుకులు మీద పడితే చాలు, దగ్గు పట్టుకునేది. పోయిన వానాకాలం ఆ బిడ్డ బతికి బట్టకట్టడమే గొప్ప. పోనీ కలుగులో వదిలేసి తిండికి వెళదామా అంటే పాముల భయం. అందుకని ఈదమ్మ వేసవంతా ఎండలో గడ్డలు తవ్వింది. బుట్ట నిండాక మోసుకుంటూ వెళ్లి, కొండముచ్చు కోదండం బట్టల షాపులో చుక్కికి చిన్న వానకోటు కొంది.

"వాన ఒక లెక్కా తల్లీ! జలపాతం కింద నిలబెట్టు, లోపలికి చుక్క దిగితే నన్నడుగు," అన్నాడు కోదండం. అని, గడ్డల బుట్ట లోపలికి లాక్కున్నాడు.

తొలి వాన పడింది. చుక్కి కొత్త కోటు తొడుక్కుని గంతులేస్తూ బయటికి పరిగెత్తింది. చెట్టు దాకా వెళ్లిందో లేదో, భుజాల దగ్గర కుట్లు విడిపోయాయి. వీపు మీద బట్ట నీళ్లు పీల్చేసి బరువెక్కింది. బయట వాన ఆగిపోయింది కానీ కోటు లోపల మాత్రం ఆగలేదు. సాయంత్రానికి చుక్కికి దగ్గు మొదలైంది.

మర్నాడు పొద్దున్నే ఈదమ్మ తడి కోటు పట్టుకుని షాపుకు వెళ్లింది.

"అయ్యో, తడిపేశావే!" అన్నాడు కోదండం.

"వానకోటండీ. వానలో వేశాను."

"నేనూ అదేగా చెప్పేది. తడిసిందంటే వాడేసినట్టే. వాడిన బట్ట మేం వాపసు తీసుకోం."

తడిసిందనే కదా సాకు అనుకుంది ఈదమ్మ. కోటు చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేసింది.

దాన్ని ఎండలో ఆరేసింది. బాగా ఆరాక మడతపెట్టి మళ్లీ వెళ్లింది.

కోదండం కోటును అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "పొడిగా, శుభ్రంగా ఉందిగా. దీనికేమైంది?"

"ఈ కుట్లు చూడండి కోదండంగారూ. అన్నీ ఊడిపోయాయి."

"ఇవా? నీ ముళ్లు గుచ్చుకుని ఉంటాయి. అసలు ముళ్లపందికి కోటు అమ్మడం నాదే బుద్ధితక్కువ."

"వేసుకుంది నేను కాదండీ, నా కూతురు. దాని ముళ్లింకా గడ్డిపరకల్లా మెత్తగా ఉంటాయి."

"మెత్తగా ఉన్నా ముళ్లేగా?" అన్నాడు కోదండం. ఆ తర్వాత తలెత్తలేదు. చొక్కాలు మడతపెట్టుకుంటూ కూర్చున్నాడు.

మూడోసారి ఈదమ్మ చుక్కిని కూడా వెంటబెట్టుకుని వెళ్లింది. బిడ్డ దగ్గు వింటేనైనా కరుగుతాడేమోనని ఆశ. ఈసారి కోదండం తోక పక్కకు జరిపి, వెనక గోడ మీదున్న బోర్డు చూపించాడు. 'ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని ఉంది దాని మీద.

"ఇది ఎవరు రాశారండీ?" అంది ఈదమ్మ.

"నేనే."

"కొన్నప్పుడు చెప్పలేదేం?"

"చదువుకుని కొనాలమ్మా."

"మీ తోక అడ్డం తీస్తేగా చదవడానికి!"

చుక్కి దగ్గింది. కోదండం ముక్కు మూసుకుని, "పిల్లను కాస్త దూరంగా తీసుకెళ్లమ్మా, కొత్త బట్టలున్నాయి," అన్నాడు.

ఇంటికి పోయే దారిలో ఎలుగుబంటి ఎదురైంది. విషయం విని చేతులు ఊపింది. "పోనీలే అక్కా. ఒక్క కోటు కోసం గొడవెందుకు? నా లాగు సంగతి చూడు. అక్కడే కొన్నాను. ఇంటికొచ్చి కూర్చుంటే వెనకాల పర్రుమని చిరిగింది. నేనేమన్నా అన్నానా?"

ఆ మాటలు విని, పక్కనే వాగు ఒడ్డున రెల్లుపొదల్లోంచి కొంగ గొంతు కలిపింది. "పోనీలే ఈదమ్మా. నలుగురిలో నవ్వులపాలు కావడం తప్ప ఏం లాభం?" ఈదమ్మ పొద పక్కకు తీసి చూస్తే ఏముంది! తెల్లని కొంగ కాస్తా గులాబీ రంగులో ఉంది. కోదండం దగ్గర కొన్న ఎర్ర శాలువా రంగు వెలిసి ఒళ్లంతా అంటుకుంది. సిగ్గుతో పాపం బయటికి రావడమే మానేసింది.

ఈదమ్మకు ఒళ్లు మండిపోయింది. ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. "మీ పోనీలే తగలెయ్య! నీ లాగు చిరిగిన రోజే నువ్వు నోరు విప్పుంటే, నీ శాలువా వెలిసిన రోజే నువ్వు బయటికొచ్చుంటే, నేను ఆ షాపు గడప తొక్కేదాన్నా? నా బిడ్డ ఇలా దగ్గేదా? నేను పోనీలే అనను. అంటే రేపు ఇంకో తల్లికి ఇదే కోటు అమ్ముతాడు."

అని, అటునుంచి అటే, సంతలో షాపులన్నిటికీ పెద్ద అయిన ఏనుగు దగ్గరికి వెళ్లింది.

ఏనుగు అంతా విని ఆశ్చర్యపోయింది. "కోదండం మీద ఇప్పటిదాకా ఒక్కరూ ఫిర్యాదు చేయలేదే! మంచి షాపనుకున్నాను."

ఈదమ్మ తల పట్టుకుంది. "ఎలా చేస్తారండీ? చేయాల్సినవాళ్లంతా ఇళ్లలో కూర్చుని పోనీలే అంటున్నారు."

ఏనుగు షాపుకు బయల్దేరింది. ఏనుగు నడిస్తే ఊరుకుంటారా? సంతలో ఉన్నవాళ్లంతా వెనకాలే వచ్చారు. కోదండం మళ్లీ పాత పాటే అందుకున్నాడు. తడిసింది అన్నాడు. ముళ్లు అన్నాడు. బోర్డు అన్నాడు.

"ఆ వాదనలన్నీ వద్దండీ," అంది ఈదమ్మ ఏనుగుతో. "అదిగో, అలాంటిదే కొత్త కోటు వేలాడుతోంది. దానికి నా బిడ్డ ముళ్లు తగల్లేదు, వాన తగల్లేదు. మీ తొండంతో కాసిని నీళ్లు చల్లండి. ఒక్క చుక్క లోపలికి దిగకపోతే నోరు మూసుకుని ఇంటికి పోతాను."

"సబబుగానే ఉంది," అని ఏనుగు పక్కనున్న తొట్టిలో తొండం ముంచింది.

కోదండం ఒక్క గెంతు గెంతి కొత్త కోటును గుండెలకు హత్తుకున్నాడు. "అయ్యయ్యో, తడపకండి! తడిస్తే పాడైపోతుంది!"

అప్పుడు చూడాలి, సంతలో ఆ నవ్వులు! చుక్కి కూడా దగ్గు మధ్యలో నవ్వింది. కోదండం ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు వెనక దాచుకున్నాడు.

ఏనుగు తొండంలో నీళ్లు నేలమీద వదిలేసింది. "నీ గోడ మీద నీ ఇష్టం వచ్చింది రాసుకో కోదండం. నువ్వు రాసుకున్నంత మాత్రాన కొన్నవాళ్ల హక్కు పోదు. వానకోటని అమ్మావు, అది వాన ఆపాలి. ఆపలేదా, మంచి కోటన్నా ఇవ్వు, తీసుకున్నదన్నా తిరిగివ్వు. ఏది కావాలో చెప్పాల్సింది ఆమె, నువ్వు కాదు."

"నా గడ్డలు నాకిచ్చేయండి," అంది ఈదమ్మ. "ఈ షాపులో ఇంకో కోటు నాకొద్దు. వాటితో నా బిడ్డకు తాటాకు గొడుగు అల్లించుకుంటాను."

కోదండం బుట్ట తేవడానికి లోపలికి వెళ్లాడు. ఈదమ్మ ఇటు తిరిగి చూసేసరికి షాపు ముందు పెద్ద వరస! చిరిగిన లాగు చేత్తో పట్టుకుని అందరికంటే ముందు ఎలుగుబంటి నిలబడి ఉంది. దాని వెనక, సిగ్గు వదిలి పొదలోంచి వచ్చిన గులాబీ రంగు కొంగ.

"వీడి సరుకు మంచిది కాదని నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను!" అని అరుస్తోంది ఎలుగుబంటి. ఈదమ్మను చూసి, "వెనక్కెళ్లక్కా, వరసలో రా," అంది.

ఈదమ్మకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అలసిపోయింది. "పోనీలే" అన్న మాట ఆమెకు కూడా నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన చుక్కి దగ్గింది. ఈదమ్మ ఆ మాటను అక్కడికక్కడే మింగేసింది.

"జరుగు. ముందు నేను," అంది ముళ్లు ఒక్కసారి విదిలించి.

ఎలుగుబంటి జరిగింది.

నీతి: కష్టపడి కొన్న వస్తువు పాడైందని అడగడం గొడవ కాదు, మన హక్కు. మనం పోనీలే అని ఊరుకున్న పాడు సరుకే రేపు ఇంకొకరి ఇంటికి చేరుతుంది.