కూర్మమ్మ నడిచిన దారి

నాగావళి ఏటి ఒడ్డున, కొండవాలు దిగి సమనేల మొదలయ్యే చోట ఒక మోదుగు చెట్టు ఉండేది. దాని నీడన ముగ్గురు ప్లీడర్లు కలిసి కూర్చునేవారు. ఎద్దు నందెయ్యది గట్లు, దారులు, హద్దుల తగువులు. పుట్టింది మొదలు చాళ్లు తీసినవాడికి నేల సంగతి ఇంకొకరు చెప్పాలా? పెట్టకోడి చుక్కమ్మ గూళ్ల పంపకాలు, ఆలుమగల అలకలు, తల్లిలేని పిల్లల పోషణ చూసేది. గాడిద మోపయ్య కూలివాళ్ల పక్షం. బరువు మోయించుకుని మేత ఎగ్గొట్టినవాడి మీద ఆయన ఓండ్ర పెడితే కొండ అవతలికి వినిపించేది.

ఒకరి పనిలో ఇంకొకరు కాలు పెట్టేవారు కాదు. తమకు రాని తగువైతే "ఇది మా చేత కాదు తల్లీ" అని మొహం మీదే చెప్పేసేవారు. అందుకే ఆ అడవిలో వాళ్లంటే అంత గురి.

వాళ్లకి ఎదురుగా రేగుపొద దగ్గర నక్క జంబయ్య ఒక్కడే కూర్చునేవాడు. ఆయన బోర్డు మాత్రం పొదకంటే పెద్దది. "అన్ని రకముల వ్యాజ్యములు చూడబడును. గెలుపు మాది, నిశ్చింత మీది."

ఆ ఏడు కార్తీకం వచ్చేసరికి మడుగులో ఉండే ముసలి తాబేలు కూర్మమ్మకి కడుపు బరువెక్కింది. ఏటా ఆ నెలలో మడుగు దాటి, అడవిపంది కోరల దొర చేమదుంపల మడి గట్టు మీదుగా నడిచి, అవతలి ఇసకదిబ్బలో గుడ్లు పెట్టి రావడం ఆమెకి అలవాటు. వాళ్లమ్మ గుడ్లు పెట్టిందీ ఆ దిబ్బలోనే, తను కళ్లు తెరిచిందీ ఆ దిబ్బలోనే. ఏ పిల్ల ఏ మూల పుట్టిందో ఆమెకి ఇప్పటికీ గుర్తే. కానీ ఈసారి వెళ్లి చూస్తే గట్టుకి అడ్డంగా ముళ్లకంప! పక్కనే కోరల దొర.

"ఇది నా గట్టు. ఇక నడవడానికి లేదు," అన్నాడు.

గుడ్లు ఇక వారం ఆగవు. మడుగు బురదలో పెడితే నీళ్లకి కుళ్లిపోతాయి. "కూర్మనాథస్వామీ, నువ్వే దిక్కు" అనుకుని కూర్మమ్మ బయల్దేరింది. మోదుగు కంటే రేగుపొద పది అడుగులు దగ్గర. తాబేలు నడకకి పది అడుగులు కలిసొచ్చినా భాగ్యమే కదా, ముందు అక్కడే ఆగింది.

"ఏమిటత్తా, ఇంత దూరం?" అన్నాడు జంబయ్య.

విషయం చెప్పింది.

"దారేమిటి అత్తా, ముష్టి దారి! ఆ మడంతా నీదేనని దావా వేద్దాం. పంది తాత మీ అమ్మ దగ్గర లాక్కున్నాడని చెబుదాం."

"అలా జరగలేదు కదా బాబూ."

"జరగలేదని ఎవరికి తెలుసు? ఆనాటివాళ్లు ఎవరైనా ఉన్నారా, సాక్ష్యానికి?"

"ఎవరున్నారు నాయనా. అందరూ పోయారు. నేనొక్కదాన్నే."

"మరీ మంచిది! ఫీజంటావా, నీ దగ్గర ఎక్కువ పుచ్చుకుంటానా? పది గుడ్లు."

కూర్మమ్మ తల డొప్పలోకి పోయింది. బయటికి రావడానికి కాసేపు పట్టింది.

"గుడ్లు కాపాడుకుందామని వస్తే గుడ్లే అడుగుతున్నావా జంబయ్యా," అని మెల్లగా అని, మోదుగు వైపు తిరిగింది.

పిల్లల సంగతి కదా అని ముందు చుక్కమ్మ దగ్గరికి వెళ్లింది. చుక్కమ్మ విని రెక్కతో కళ్లు ఒత్తుకుంది. "గుడ్ల మాటంటే నా ప్రాణం పోతుంది వదినా. కానీ ఇది దారి తగువు, నాది కాదు. నందెయ్య మామా! ఇలా చూడు."

నందెయ్య అక్క వరస కలిపి, నెమరు వేస్తూనే అడిగాడు. "నీకు నేల కావాలా అప్పా, దారి కావాలా?"

"దారే. నా డొప్ప వెడల్పు ఎంతో అంత చాలు."

"హమ్మయ్య! గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? విను. ఇరవై కార్తీకాలు వరసగా, పగటిపూట, అందరికీ కనిపించేలా, ఎవరి సెలవూ అడక్కుండా ఒక దారిన నడిస్తే ఆ నడక నీదే. నేల వాడిదే కావచ్చు, నడక మాత్రం నీది. ఇది అడవి ఆచారం. నువ్వెన్ని నడిచావు?"

"ఇరవై నాలుగు. ఏటిగట్టు తెగిన ఏడు మొదటిది. ఇప్పచెట్టు మీద పిడుగు పడిన ఏడు రెండోది, ఆ ఏడాది ఏడుగురు పిల్లలు. మూడోది..."

"నేను నమ్ముతాను అప్పా. కానీ సభలో తీర్పు చెప్పే ఏనుగు పెద్దాయన సాక్షిని అడుగుతాడు. అదే చిక్కు. కుందేలు ఆరేళ్లు బతికితే గొప్ప. కౌజుపిట్టకి మూడేళ్లు. ఇరవై కార్తీకాలు చూసిన ప్రాణి ఎవరున్నారు? ఆ ఏనుగొక్కడే. తీర్పు చెప్పేవాడు సాక్ష్యం చెప్పకూడదాయె."

మోపయ్య ఓండ్ర పెట్టబోయి, సమయం కాదని మానేశాడు.

అప్పుడు చుక్కమ్మ మెడ చాచింది. "మామా, ఆ మధ్య పందింటి కోడలి పోషణ తగువులో ఆ పిల్ల తరఫున వాదించింది నేనే కదా. నిండు సభలో కోరల దొర ఏమన్నాడు? ‘మా వంశంలో ఎవరూ ఎవరికీ ఏదీ ఇచ్చింది లేదు’ అన్నాడు, అదేదో బిరుదైనట్టు! ఓడిపోయాడు గానీ మాట వెనక్కి తీసుకోలేదు. ఆ ఇంటివాళ్లని చెడ్డవాళ్లంటే ఊరుకుంటారు. మంచివాళ్లంటే ఊరుకోరు."

నందెయ్య నెమరు ఆపేశాడు. "సాక్షి దొరికాడు," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే సభ. కోరల దొర పక్కన నిలబడ్డవాణ్ణి చూసి కూర్మమ్మ అడుగు ఆగిపోయింది. జంబయ్య! నిన్న తన గోడు అంతా విన్నవాడే ఇవాళ అటు చేరాడు. "ఏమడిగినా తెలియదు అను. ఇంకో ముక్క మాట్లాడకు," అని పంది చెవిలో చెబుతున్నాడు.

ఏనుగు పెద్దాయన తల ఊపగానే జంబయ్య అందుకున్నాడు. "ఇరవై నాలుగేళ్లు నడిచిందట ప్రభూ! చూసినవాడెవడు? సాక్షులు లేరని తన నోటితోనే చెప్పింది."

"ఎవరితో?" అన్నాడు ఏనుగు.

"నా... మాటవరసకి అంటున్నాను ప్రభూ."

ఏనుగు చెవులు ఒకసారి ఆడాయి. "ఊఁ. ఆ మాటవరస సంగతి తర్వాత చూద్దాం. నందెయ్యా, నువ్వు అడుగు."

"దొరగారూ, ఈవిడ మీ గట్టు మీద నడిచిందా?"

"తెలియదు."

"నిజమే, మీకెలా తెలుస్తుందిలెండి. చీకట్లో చాటుగా వెళ్లి ఉంటుంది. మీ ఇంటి కాపలా కూడా అంతంతమాత్రమని విన్నాను."

పంది మెడ మీద వెంట్రుకలు లేచాయి. "ఎవడన్నాడు? మా కాపలా దాటి చీమ పోదు! పట్టపగలే వెళ్లింది, మా కళ్లముందే, ఊరేగింపులా!"

జంబయ్య పంది కాలు తొక్కాడు.

"సరేలెండి. ఏదో ఒకటి రెండేళ్లు వెళ్లి ఉంటుంది. ఆ మాత్రానికే ముళ్లకంపా? ఇంత చిన్న నష్టానికి ఇంత పెద్ద సభా?"

"చిన్న నష్టమా! మా తాత పోయేదాకా ఎనిమిది కార్తీకాలు చూశాడు. తర్వాత మా నాన్న ఏడు. ఆపైన నేను తొమ్మిది. ఒక్క ఏడు తప్పలేదు! పొద్దున లేస్తే మా ఇంట్లో ఇదే మాట. పాలు తాగే పిల్లని అడుగు, చెబుతుంది!"

కూర్మమ్మ తల పూర్తిగా బయటికొచ్చింది. తన ఇంటి జ్ఞాపకం అక్షరం పొల్లు పోకుండా పందింట్లో కూడా ఉందన్నమాట! తను పిల్లల్ని తలుచుకుంటూ గుర్తుపెట్టుకుంది, వాళ్లు పళ్లు నూరుకుంటూ గుర్తుపెట్టుకున్నారు. అంతే తేడా.

జంబయ్య ఈసారి పంది తోక లాగాడు. పంది వాణ్ణి ఒక్క విదిలింపు విదిలించింది.

నందెయ్య గొంతు మరీ మెత్తబడింది. "ఆఖరి మాట దొరగారూ. మీ తాతగారు చాలా దయగలవారని అంటారు. నిండు కడుపుతో ఉంది పాపం, వెళ్లనీ అని ఆయనే సెలవిచ్చి ఉంటారు."

"సెలవా! మా తాతా!" కోరల దొర అరుపుకి చెట్టు మీద కాకులు లేచిపోయాయి. "దయా గియా అని మా వంశానికి అంటగడతావా? మా తాత ఇవ్వలేదు, మా నాన్న ఇవ్వలేదు, నేనూ ఇవ్వలేదు! అసలు ఆ ముసల్ది అడిగితే కదా!"

"నేను అడగవలసింది అయిపోయింది ప్రభూ," అని నందెయ్య మళ్లీ నెమరు మొదలుపెట్టాడు.

ఏనుగు నింపాదిగా అన్నాడు. "తాత ఎనిమిది, తండ్రి ఏడు, నువ్వు తొమ్మిది. ఇరవై నాలుగు. ఈవిడ చెప్పిందీ అదే. పగటిపూట, వరసగా, సెలవు అడక్కుండా. ఆచారం పూర్తయింది. నేల నీదే దొరా, ఎవరూ కాదనరు. నడక మాత్రం ఈవిడది. కంపలో తాబేలు పట్టేంత సందు ఇవాళే తియ్యి. ఇక జంబయ్యా, ఒకరి గోడు విని ఇంకొకరి పక్కన నిలబడ్డవాడికి ఈ సభలో చోటు లేదు. బోర్డు దించు."

శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. అన్ని రకాల వ్యాజ్యాలూ చూసేవాడు తన వ్యాజ్యం ఒక్కటీ చూసుకోలేక, పంది తరుముతుంటే కొండెక్కి పోయాడు.

ఆ మధ్యాహ్నమే కూర్మమ్మ సందులోంచి దూరి గట్టు ఎక్కింది. బయల్దేరే ముందు నందెయ్య దగ్గర సెలవు తీసుకోబోతే, "ముందు నడు అప్పా, గుడ్లు ఆగవు" అన్నాడు. అవతలి గట్టున కోరల దొర రొప్పుతూ నిలబడి ఉన్నాడు. దారివ్వక తప్పలేదు గానీ, నోరు ఊరుకోలేదు.

"ఇరవై ఐదు!" అని అరిచాడు.

"అవును నాయనా, ఇరవై ఐదే," అంది కూర్మమ్మ ఆగకుండా. "మీ పిల్లలకి కూడా చెప్పు, మరిచిపోతారేమో."

ఇసకదిబ్బ ఎండకి గోరువెచ్చగా ఉంది. కూర్మమ్మ వాళ్లమ్మ తవ్విన మూలనే తవ్వింది.

తనకు కావలసినంతే అడిగినవారికి దారి దొరుకుతుంది. గొప్పకు పోయినవాడికి తన నోరే ఎదుటివాడి సాక్షి అవుతుంది.