పేరు మిగలని ఫరో

సముద్రపుటొడ్డున ఉన్న ఒకానొక రాజ్యాన్ని ధరణీవల్లభుడనే రాజు ఏలేవాడు. మనిషి మంచివాడే, కానీ పేరు పిచ్చి జాస్తి. చెరువు తవ్వించినా, గుర్రానికి కొత్త జీను వేయించినా దానిమీద ఆయన పేరు ఉండాల్సిందే.

ఆ కొలువులో ఎఫ్రాయీము అనే యూదుడు దుబాసీ. రేవుకు వచ్చే పరదేశి వర్తకుల మాటలు రాజుకు విడమరచి చెప్పడం అతని పని. ఒక వసంతంలో పస్కా పండుగకని వారం రోజులు సెలవు అడిగాడు. అదేం పండుగని రాజు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు. తమ పూర్వులు ఐగుప్తులో, అంటే ఈజిప్టు దేశంలో, బానిసలై ఇటుకలు చేశారు. దేవుడు విడిపించిన నాడు పిండి పులిసేదాకా ఆగే వ్యవధి లేక, పులియని పిండితోనే రొట్టెలు కాల్చుకుని బయలుదేరారు. అందుకే ఏటా ఆ వారమంతా పొంగని రొట్టెలే తింటారు, పిల్లలకు ఆ కథ చెబుతారు.

రాజు ముఖం చిట్లించాడు. తన కొలువులో ఉంటూ బానిసల సంతతినని చాటుకుంటే తన పరువేం కావాలన్నాడు. ఇకమీదట ఆ పండుగ రాజ్యంలో ఎవరూ చేయరాదని ఆజ్ఞాపించాడు. కావాలంటే సూర్యుడితో మొదలయ్యే వంశావళి ఒకటి రాయించి ఇస్తానని కూడా అన్నాడు.

ఎఫ్రాయీముకు ఒళ్ళు మండింది. తాతముత్తాతలు ఒక్క ఏడూ తప్పని పండుగ తన హయాంలో ఆగిపోవడమా? అయినా చేతులు కట్టుకునే మాట్లాడాడు.

"బానిసలమని చెప్పుకోవడం మాకు సిగ్గు కాదు ప్రభూ. అక్కడినుంచి తలెత్తుకుని నడిచొచ్చాం, మా గొప్పంతా అదే. పండుగ ఎందుకు ఆగిందని మా పిల్లలు అడిగితే ఏం చెప్పమంటారు?"

"ధరణీవల్లభ మహారాజు ఆపించాడని నా పేరు చెప్పు."

"అది కుదరదు ప్రభూ. మమ్మల్ని బానిసలుగా చేసిన ఆ రాజు పేరు మా గ్రంథంలో లేదు. ఫరో అన్నారంతే, అది అక్కడి రాజులందరికీ ఉన్న బిరుదు. మా మగబిడ్డల్ని పురిట్లోనే చంపమని అతను ఇద్దరు మంత్రసానులను ఆజ్ఞాపించాడు. వాళ్ళు చంపలేదు. వాళ్ళ పేర్లు మాత్రం ఉన్నాయి. షిఫ్రా, పూయా. మా పిల్లలందరికీ ఆ పేర్లు నోటికొచ్చు."

సభికులందరి చూపూ రాజు మీదికి మళ్ళింది. రాజు మీసం సవరించుకుని, మరి ఆ కథలో తన పేరు నిలవాలంటే ఏం చేయాలని మెల్లగా అడిగాడు.

"పెద్ద పనేమీ కాదు ప్రభూ. ఆ మంత్రసానులు ఒక చెడ్డ ఆజ్ఞను పాటించలేదు. తమరు అలాంటిదాన్ని వెనక్కి తీసుకుంటే చాలు."

రాజు పకపకా నవ్వాడు. ఆజ్ఞ రద్దు చేసి, సెలవుతో పాటు పండుగ రొట్టెలకు బండెడు గోధుమలు, తన మెడలోని ముత్యాలహారం ఇచ్చాడు.

"అయితే ఈ ఏడు మీ పిల్లలు నా పేరు చెబుతారన్నమాట."

"తప్పకుండా ప్రభూ. ముందు షిఫ్రా, పూయా. వాళ్ళ తర్వాత తమరు."

ఎవరి వెనకైనా నిలబడటం ఆ రాజుకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఆయన మళ్ళీ నవ్వాడు, ఈసారి సభ కూడా ధైర్యం చేసి నవ్వింది.