మేదరకోన గంపమాటమ్మ

మేదరకోన గుట్టపైకి వచ్చే భక్తులకు గర్భగుడిలో మొదట కనిపించేది విగ్రహం కాదు, బోర్లించిన పెద్ద వెదురుగంప. అమ్మవారు దాని కిందే కొలువై ఉన్నారు. హారతి, కుంకుమార్చన అన్నీ గంపకే జరుగుతాయి. చైత్ర పౌర్ణమినాడు మాత్రమే మూర్తి దర్శనం లభిస్తుంది. ఆ గంప ఎత్తే అధికారం అర్చకులకు లేదు, మేదర స్త్రీలకే ఉంది.

పూర్వం ఇక్కడి మేదర ఆడవాళ్ళు కోనలో వెదురు నరికి, బద్దలు చీల్చి, గంపలు, చేటలు అల్లి, చుట్టుపక్కల ఊళ్ళలో ధాన్యానికి మార్చుకుని బతికేవారు. వారిలో తిరపమ్మ అల్లికకు పెట్టింది పేరు. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లలను ఆ పనితోనే సాకుతూ వచ్చింది.

గుడి పెత్తనం రంగశాయి అనేవాడి చేతికి వచ్చింది. కోన అమ్మవారిది కనుక వెదురూ అమ్మవారిదేనని, అల్లినదంతా గుడికే చేరాలని అతడు చాటించాడు. ఆడవాళ్ళ కత్తులన్నీ గుడి కొట్టులో పెట్టించి, పనివేళకు ఇచ్చి మళ్ళీ లాక్కునేవాడు. గంపలను సంతల్లో అమ్ముకునేవాడు. కూలి అడిగితే, "దేవుడి పనికి కూలేమిటి?" అని దోసెడు ప్రసాదం విదిలించేవాడు.

ఒకనాడు తిరపమ్మ చిన్నకూతురు గంగులు ఆకలికి తాళలేక, అల్లుతున్న గంపమీదే సొమ్మసిల్లి పడిపోయింది. తిరపమ్మ బిడ్డకు నీళ్ళు పట్టి, అక్క ఒడిలో పడుకోబెట్టింది. ఆ గంపకు తానే అంచు కట్టి, మిట్టమధ్యాహ్నం గుట్ట ఎక్కింది. అడ్డం రాబోయిన అర్చకుడు ఆమె ముఖం చూసి తప్పుకున్నాడు.

"నీ పేరు చెప్పి నా బిడ్డల నోటికాడి కూడు లాక్కుంటున్నాడు. నువ్వు చూస్తూనే ఉన్నావు. చూసి కూడా కదలని కళ్ళకు వెలుగెందుకు?" అని, ఆ గంపను అమ్మవారిపై బోర్లించి వెళ్ళిపోయింది.

రంగశాయి మనుషులు ఎనిమిదిమంది పట్టినా గంప కదలలేదు. గునపం వంగిపోయింది. మూడు రోజులు నైవేద్యం ఆగిపోయింది. మూడోనాడు గంపలోంచి మాట వినిపించింది: "బోర్లించింది ఆమె. పట్టుకున్నది నేను. ఆమె చెప్పేదాకా వదలను."

రంగశాయి తిరపమ్మ వాకిట నిలబడి, "తప్పయిపోయిందమ్మా, వచ్చి గంప తియ్యి" అన్నాడు.

"మా కత్తులేవి?" అంది ఆమె.

కత్తులు మోయించుకొచ్చాడు.

"గంప ఎవరిది?"

"అల్లినవాళ్ళది."

"ఇక్కడ గొణిగితే కాదు. గుడి ముందర, పదిమందిలో చెప్పు."

అతడు చెప్పాడు. అప్పుడు తిరపమ్మ గంప ఎత్తింది. అమ్మవారి రెండు అరచేతుల్లో వెదురు కోసిన గాట్లు ఉన్నాయి. అవి చూసి జనమంతా చెంపలు వేసుకున్నారు. తిరపమ్మ కోపం మాత్రం చల్లారలేదు. "ఏడాదికోసారి వచ్చి అడుగుతాం. అంతవరకు ఇలాగే ఉండు" అని మళ్ళీ గంప బోర్లించింది.

నేటికీ పౌర్ణమినాడు మేదర స్త్రీలలో పెద్దావిడ గర్భగుడి ముందు నిలిచి, "మన పనికి ఫలం అందిందా?" అని అడుగుతుంది. మిగిలినవారు "అందింది" అంటేనే గంప లేస్తుంది. ఒక ఏడు ఉత్సవ కమిటీవారు ప్రసాదానికి పట్నం నుంచి ప్లాస్టిక్ బుట్టలు తెప్పించారు. ఆ ఏడు ఆడవాళ్ళు "అందలేదు" అన్నారు. వేలమంది భక్తులు దర్శనం లేకుండానే గుట్ట దిగారు. కమిటీ మరునాడే ఆ బుట్టలను తిప్పి పంపింది.

మెట్ల వెంట కూర్చున్న స్త్రీల వద్ద గంప కొని ఇంట ధాన్యం పోసుకున్నవారికి గింజ కరవు ఉండదని నమ్మిక. ఇక్కడ బేరమాడడం అపచారం.