ఊళ్ళో లేని బండి

వరహాలమ్మ గారికి ప్రశ్న వేస్తే నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. శ్రీకాకుళంలో ఆడవాళ్ళకి కారు నేర్పే బడి ఆవిడది. క్లచ్ గురించి అడిగినా, కాపురం గురించి అడిగినా, కాసేపు మన మొహంలోకి చూసి "తాళం తియ్యి, ఎల్దాం" అంటారు. దారిలో ఏదో ఒకటి జరుగుతుంది. జరగకపోతే ఇంకొంచెం దూరం తీసుకెళ్తారు.

మార్గశిరంలో ఒక పొద్దున, నేనూ అక్కడ ఉండగా, మణిమాల వచ్చి అడిగిన ప్రశ్న ఇది: "తక్కువ వాడిన వస్తువు తక్కువ పాడవ్వాలి కదండీ మేడం? మరి నా బండి ఎందుకిలా అయింది?"

మణిమాల ఆ బడిలో నాతోపాటే నేర్చుకుంది. నేత చీరలు అమ్ముతుంది. మధ్యవాడు తెచ్చి పడేసినవి అమ్మడం ఇక చాలనుకుని, పలాస అవతలి నేత ఊళ్ళకి తనే వెళ్ళి మగ్గం దగ్గరే చీర ఎంచుకోవాలని, ఒక సెకండ్ హ్యాండ్ డీజిల్ బండి కొంది. జీపుకీ కారుకీ మధ్యస్థంగా, ఎత్తుగా ఉంటుంది. అమ్మిన లెక్చరరు గారు దాన్ని పోర్టికోలో ముసుగేసి ఉంచేవారట. ఆదివారం ఆదివారం స్టార్ట్ చేసి, కాసేపు గుర్రుమనిపించి, ఆపేసేవారట. కిలోమీటర్లు తిరగలేదని అందరూ మెచ్చుకున్నారు. మణిమాల కూడా దాన్ని అలాగే చూసుకుంది. ఇంటి నుంచి కొట్టుకి, కొట్టు నుంచి ఇంటికి, రెండో గేరు దాటకుండా. ముందు బ్యాటరీ చచ్చింది. తర్వాత బానెట్లో ఎలకలు కాపురం పెట్టి వైర్లు కొరికాయి. నిలబడి నిలబడి టైర్లు బీటలు వారాయి. అవన్నీ మార్పించింది. ఇప్పుడు స్టీరింగ్ వెనక పసుప్పచ్చ దీపం ఒకటి వెలిగి, ఆరనంటోంది.

"పొగగొట్టం దారిలో మసి పట్టుకునే జల్లెడ ఉంటుందట. అది పూడుకుపోయిందట. కొత్తది వెయ్యాలంటే లక్షా నలభై వేలు అన్నాడు వర్క్‌షాపతను. ఎక్కడి నుంచి తేనండీ? బ్రోకరు ఢిల్లేశ్వరరావు గారు ఇవాళే వచ్చి తీసుకుపోతానన్నారు. ఎంతిస్తే అంత." బండి పోతే ఆ మగ్గాలూ పోయినట్టేనని ఆమెకీ తెలుసు, మాకూ తెలుసు.

"ఇంకేటన్నాడు వర్క్‌షాపోడు?"

"ఇంకేం అన్లేదండీ."

వరహాలమ్మ గారు చూస్తూనే ఉన్నారు.

"అంటే... ముందు హైవే మీద ఆపకుండా ఓ గంట లాగి చూడండి, ఆ వేడికి మసి కాలిపోయి దీపం ఆరితే సరి, ఆరకపోతే అప్పుడు మారుద్దాం అన్నాడు. హైవే అండీ! లారీలండీ! అదెలాగూ నేను చెయ్యనని సరిగా వినలేదు."

"ధర మాత్రం బాగానే వినపడింది." ఆవిడ అప్పటికే చెప్పులేసుకుంటున్నారు. "తాళం తియ్యి."

నన్నెవరూ రమ్మనకపోయినా నేనూ వెనక సీట్లో ఎక్కాను.

ఊరు దాటేసరికి మంచు పలచబడుతోంది గానీ పూర్తిగా విడలేదు. హైవే అంతా పాలలో తడిసిన బట్టలా ఉంది. లారీలు ముందు దీపాలుగా వచ్చి, తర్వాత లారీలై, మమ్మల్ని దాటాక మళ్ళీ దీపాలైపోయేవి. వంశధార మీదికి వచ్చినప్పుడు కింద ఏరు ఉందో లేదో తెలియలేదు. వంతెన ఉంది, దాని మీద మేమున్నాం, అంతే. తడిసిన గడ్డి వాసన లోపలికి వచ్చింది. నాకు ఎటు పోతున్నామో అడగాలని కూడా అనిపించలేదు. ఎప్పటికీ ఇలా పోతూనే ఉంటే బాగుండుననిపించింది.

మణిమాల మాత్రం స్టీరింగుని పసిబిడ్డ చెయ్యిలా పట్టుకుని ఉంది. "ఓలమ్మో, లారీ!"

"దానికి డ్రైవరున్నాడు. నువ్వూ డ్రైవరువే. గేరు మార్చు."

నాలుగో గేరు. ఇంకాసేపటికి అయిదోది. అంతవరకూ గొణిగినట్టుండే ఇంజను గొంతు విప్పింది. టెక్కలి దగ్గర పడుతుండగా కాలిన వాసన లాంటిది వేసింది. మణిమాల కాలు బ్రేకు మీదికి పోయింది.

"మేడం, కాలుతోందండీ! పక్కకి తీసేస్తాను."

"కాలవలసిందే కాలుతోంది. మధ్యలో ఆపితే అది సగమే కాలి ఊరుకుంటుంది. పోనీ."

"టీ కొట్టుందండీ అక్కడ..."

"టీ వద్దు నాకు."

అప్పుడు మోగింది ఫోను. నేను తీసి, స్పీకరు పెట్టి, ముందు సీట్ల మధ్య పట్టుకున్నాను. ఢిల్లేశ్వరరావు.

"అమ్మా, మీ ఇంటి ముందు నించున్నాను. బండేదమ్మా?"

మణిమాల కాలు యాక్సిలరేటరు మీంచి తియ్యలేదు. ఎడమ పక్కన జీడిమామిడి తోటలు మంచులోంచి ఒక్కో చెట్టుగా బయటికి వస్తున్నాయి. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఆమె దాన్నొకసారి చూసింది, తోటల్నొకసారి చూసింది.

"బండి ఊళ్ళో లేదండీ."

"అదేటి! మరి మీరో?"

"నేనూ లేను."

"ఎప్పుడొస్తారేటి?"

"ఇప్పుడే కదండీ బయల్దేరాం," అంది మణిమాల. ఫోను పెట్టెయ్యమని నాకు తల ఊపింది. వరహాలమ్మ గారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఆవిడ నవ్వారేమో నాకు కనపడలేదు.

దీపం ఎప్పుడు ఆరిందో ముగ్గురిలో ఎవరమూ గమనించలేదు. పలాస దాటాక చూస్తే అక్కడ ఏమీ లేదు, నల్లటి అద్దం. మణిమాల కళ్ళు తుడుచుకుంది, ఒక చేత్తోనే. రెండో చెయ్యి స్టీరింగు మీద తేలిగ్గా ఆనించి ఉంది.

వెనక్కి తిరగమని వరహాలమ్మ గారు చెప్పలేదు. తిరగమంటారా అని మణిమాల అడగనూ లేదు. నేత ఊళ్ళ వైపు మళ్ళింది. అక్కడ తారు రోడ్డు అయిపోయి, నిన్నటి ట్రాక్టర్లు తొక్కిన మట్టి దారి మొదలైంది. మంచు పూర్తిగా విడిపోయింది. ఏదో ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినిపించి మణిమాల అటు తల తిప్పిన క్షణంలో ముందు చక్రం దబ్బున గోతిలో పడింది. బండి ఎక్కి వచ్చేసింది గానీ, అక్కడి నుంచి ప్రతి గతుక్కీ అడుగున టకటకమని చప్పుడు.

మణిమాల బండి ఆపి, దిగి, మోకాళ్ళ మీద కూర్చుని కిందికి తొంగి చూసింది. చక్రం దగ్గర సన్నటి కడ్డీ ఒకటి వదులై ఊగుతోంది.

"పోతే ఎంతవుతుందండీ?"

"రెండు మూడు వేలు."

"చూశారా మేడం! కదలకుండా ఉంచితే ఒక ఖర్చు, కదిపితే ఇంకో ఖర్చు. మరి రెంటికీ తేడా ఏముందండీ?"

మగ్గం ఆగింది. ఎవరొచ్చారోనని గడపలోకి వచ్చిన ఒక ముసలావిడ, చేతిలో నూలు కండెతో, మమ్మల్నే చూస్తూ నిలబడింది. వరహాలమ్మ గారు మణిమాల మోకాలికంటిన మట్టి దులిపారు.

"నిలబెట్టి పాడుచేసినదానికి చెప్పుకోడానికి ఊరే లేదు. దీనికైతే, గొయ్యి ఏ ఊరిదో చెప్పగలవు," అన్నారు.