చివరి పిల్ల ఎడమ కాలు

నేను పదో తరగతిలో ఉండగా మా లెక్కల సారు పురుషోత్తం గారు నాకో గడువు పెట్టారు. ఇంకొక్కసారి ఫస్టు పీరియడుకి ఆలస్యంగా వస్తే, బ్యాండు మానేస్తున్నానని కాగితం రాసి మా నాన్న చేత సంతకం పెట్టించి తేవాలట. హెడ్‌మాస్టరు గారు కూడా సరే అన్నారట.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆలస్యం నేనేమన్నా సరదాకి చేస్తున్నానా?

మా హైస్కూల్లో పద్ధతి ఇదీ. పొద్దున్న అసెంబ్లీలో ప్రతిజ్ఞ, వార్తలు, జనగణమన అయ్యాక పిల్లలంతా డ్రమ్ముకి అడుగు కలుపుతూ వరసల్లో క్లాసులకి వెళ్లాలి. ముందు పదో తరగతి, ఆఖర్న ఆరో తరగతి. ఆరో తరగతిలో చివరి పిల్ల గడప దాటేదాకా డ్రమ్ము ఆగకూడదు. ఆ డ్రమ్ము నాది. అందరూ వెళ్లాక దాన్ని మెడలోంచి తీసి, ఆటసామాన్ల గదిలో పెట్టి, మేడ మీదికి పరిగెత్తేసరికి పురుషోత్తం సారు బోర్డు మీద సగం లెక్క చేసేసి ఉండేవారు.

"వచ్చిందండీ మహారాణి, మేళతాళాలతో" అనేవారు. క్లాసంతా ఒకటే నవ్వు.

నేను లెక్కల్లో మొద్దునేం కాను. అలాగని డ్రమ్ము వదిలే రకాన్నీ కాను. ఆడపిల్లకి ఆ వాయింపుడేంటని ఇంట్లో నానా రభసా చేస్తే, రెండు రోజులు అన్నం మానేసి మరీ చేరాను ఎనిమిదో తరగతిలో. ఇప్పుడొచ్చి సంతకం తెమ్మంటే తెచ్చేస్తానా?

మాకు బ్యాండు నేర్పేది దానియేలు మాస్టారు. పోలీసు బ్యాండులో చేసి రిటైరయ్యారు. కుడిచెవి సరిగా వినపడదు. మాట చాలా తక్కువ. తప్పు వాయిస్తే తిట్టరు. మన చేతిలో పుల్లలు తీసుకుని, జేబురుమాలుతో తుడిచి, మళ్లీ మన చేతికే ఇస్తారు. దానికంటే నాలుగు తగిలించినా నయమనిపించేది.

గడువు సంగతి చెబితే ఆయన "ఊఁ" అన్నారు.

"ఊఁ ఏంటి మాస్టారూ? నన్ను తీసేస్తారంట!"

"చూద్దాంలే హైమా."

చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. నా దారి నేను చూసుకున్నాను.

మర్నాడు జనగణమన అయ్యీ అవ్వగానే దరువు అందుకున్నాను. మాస్టారు నేర్పిన దరువు కాదు, దానికి రెట్టింపు. పదో తరగతి వాళ్లు ఉలిక్కిపడి పరుగులాంటి నడక మొదలెట్టారు. వెనక తొమ్మిది, ఎనిమిది అలాగే పోయాయి. పెద్ద డ్రమ్ము కొట్టేవాడు నాతో సమంగా కొట్టలేక రొప్పుతున్నాడు. మాస్టారు దూరం నుంచి చెయ్యెత్తారు. నేను చూశాను. చూడనట్టు తల తిప్పుకున్నాను.

ఆ రోజు పురుషోత్తం సారు కంటే ముందే నేను బెంచీలో ఉన్నాను. ఆయన లోపలికొచ్చి నన్ను చూసి, వాచీ చూసుకుని, మళ్లీ నన్ను చూశారు. నా ఆనందం అంతా ఇంతా కాదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర తెలిసింది. ఆరో తరగతి భవాని పాత బిల్డింగు మెట్ల మీద బోర్లా పడిందట. మోకాలు చెక్కుకుపోయి తెల్లగా కండ కనబడిందట. భవాని అంటే వరసలో అందరికంటే ఆఖర్న నడిచే పిల్ల. వాళ్లక్క చెప్పులు వేసుకొస్తుంది. అవి దానికి రెండు వేళ్లు పెద్దవి.

క్యారేజీ మూత పెట్టేసి లేచాను.

సాయంత్రం ప్రాక్టీసుకి భయపడుతూనే వెళ్లాను. మాస్టారు నా పుల్లలు తీసుకోలేదు, తుడవలేదు. జెండా దిమ్మె మీద భవానిని కూర్చోబెట్టి ఉన్నారు. మోకాలికి ఇంత కట్టు.

"పాపా, ఇక్కణ్ణుంచి మీ క్లాసు దాకా నడుస్తావా? నీకు ఎలా వస్తే అలా."

భవాని తలూపింది. మాస్టారు నా వైపు తిరిగారు.

"ఆ పిల్ల ఎడమ కాలు నేలకి ఆనినప్పుడల్లా ఒక్క దెబ్బ. ముందూ వద్దు, వెనకా వద్దు."

ఇదేం శిక్ష అనుకున్నాను. భవాని నడవడం మొదలెట్టింది. చెప్పు జారకుండా వేళ్లు బిగించి, కాలు కొంచెం ఈడ్చి, నేల మీద ఆనిస్తుంది. నేను దాని కాలే చూస్తూ కొట్టాను. మెట్ల దగ్గర నాలుగో మెట్టు ఎత్తు. అక్కడ అది ఆగి, చెప్పు సర్దుకుని, అప్పుడు కాలెత్తింది. నా పుల్ల గాల్లో ఆగిపోయింది. కాలు ఆనాక దిగింది.

అది గడప దాటేసరికి నాకు చెమటలు పట్టాయి. అప్పుడు గాని తోచలేదు. ఇంతసేపూ నేను కొట్టింది, ఎనిమిదో తరగతిలో మాస్టారు నాకు మొట్టమొదట నేర్పిన దరువే. ఎద్దుబండి దరువని వెనకాల మేమంతా వెక్కిరించేవాళ్లం. నాలుగో మెట్టు దగ్గర ఆగడం కూడా అందులోదే. అక్కడెందుకు ఆగుతామో రెండేళ్లుగా ఒక్కరోజూ అడగలేదు.

సిగ్గేసింది. కానీ కోపం మాత్రం పోలేదు.

"అయితే రేపట్నుంచి నేను బయట నిలబడాలా మాస్టారూ? లెక్కల సారు చెప్పేది నాకెవరు చెప్తారు? బ్యాండులోంచి పీకేస్తే ఏం చెయ్యను?"

ఆయన పుల్లలు తుడిచి నా చేతికిచ్చారు.

"ఎలా కొడతావో నువ్వు చూసుకో. నిలబడే సంగతి నాకొదిలెయ్."

మర్నాడు పాత దరువే కొట్టాను. భవాని గడప దాటాకే ఆపాను. మేడ మీదికి వెళ్లేసరికి లెక్క సగం అయిపోయింది.

"కాగితం తెచ్చావా?" అన్నారు పురుషోత్తం సారు.

"తేలేదు సార్. తేను."

సారు మొహం ఎర్రగా అయింది. "అయితే బయటే ఉండు. తెచ్చేదాకా బయటే."

వరండాలో గోడకి ఆనుకున్నాను. ఏడవకూడదని పళ్లు బిగబట్టాను. ఇంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు. దానియేలు మాస్టారు నా డ్రమ్ము చంకన పెట్టుకుని ఆయాసపడుతూ వస్తున్నారు. వచ్చి నా పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డారు. లోపలి నుంచి సారు చూసి గుమ్మంలోకి వచ్చారు.

"మీరెందుకండీ ఇక్కడ?"

"ఆలస్యం చేసేది ఈ పిల్లేనా? నేర్పింది నేను కదండీ."

సారు గిరుక్కున వెనక్కి తిరిగారు. లోపలికెళ్లి చాక్‌పీసు అందుకున్నారు. మాస్టారు డ్రమ్ముని నేల మీద పడుకోబెట్టి, నా నోటుబుక్కు దాని మీద పెట్టారు.

"కూర్చుని రాసుకో. కిటికీలోంచి బాగానే వినపడుతుంది. నాకే వినపడుతోందంటే!"

డ్రమ్ము బల్ల మీద రెండు రోజులు త్రికోణమితి చేశాను. ఆ రెండు రోజులూ అరవై అయిదేళ్ల మనిషి పీరియడు పీరియడంతా నా పక్కన నిలబడే ఉన్నారు. కూర్చోండి మాస్టారూ అంటే వినరు. వరండాలో పోయే టీచర్లందరూ ఆయనకి నమస్కారం పెట్టి, లోపల సారు వైపు ఓ చూపు చూసి పోయేవారు.

మూడో రోజు జనగణమన అవ్వగానే పురుషోత్తం సారు వరసల మధ్యలోకే వచ్చేశారు, చేతి వాచీ విప్పి పట్టుకుని.

"రెండు నిమిషాలు! రెండే నిమిషాల్లో బడంతా లోపల ఉండాలి. ఇదేమన్నా బ్రహ్మవిద్యా? నాలుగు దెబ్బలు గట్టిగా కొడితే ఎవరైనా నడుస్తారు. చేతకాకపోతే చెప్పు, ఈ రోజే బ్యాండు మూయించేస్తా!"

అయిదొందల మంది పిల్లలు. అందరూ నా వైపే చూస్తున్నారు. మాస్టారు నా వైపు చూడనైనా చూడలేదు. ఆయన జెండా వైపు చూస్తున్నారు.

నేను డ్రమ్ము మెడలోంచి తీసి జెండా దిమ్మె మీద పెట్టాను. పుల్లలు రెండూ నా ఓణీ చెంగుతో తుడిచి సారు ముందు చాపాను.

"మీరే కొట్టండి సార్. మీకు ఎంత తొందరైతే అంత."

ఆయన వాచీ దిమ్మె మీద పెట్టి పుల్లలు లాక్కున్నారు. ధనధనమని కొట్టారు. పదో తరగతి పరుగో పరుగు. తొమ్మిది, ఎనిమిది, ఏడు, దుమ్ము లేపుకుంటూ పోయాయి. సారు వాచీ చూసి నా వైపు విజయగర్వంతో చూశారు. ఇంకా ఆరో తరగతి ఒక్కటే ఉంది.

వరస చివర భవాని వంగింది. కాళ్లకున్న చెప్పులు రెండూ తీసి చంకలో పెట్టుకుంది. కట్టున్న మోకాలు ఒకసారి తడుముకుని, పరిగెత్తడానికి సిద్ధంగా నిలబడి, ఆయన చేతుల వైపే చూస్తోంది.

డ్రమ్ము ఆగిపోయింది.

"చెప్పులేసుకో అమ్మా" అన్నారు సారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

అది వేసుకుంది. ఆయన దాని కాళ్ల వైపు చూస్తూ ఒక్కొక్క దెబ్బే కొట్టారు. ఒకటి ముందు పడింది, ఒకటి వెనక పడింది. నాలుగో మెట్టు దగ్గర మాత్రం, ఎవరూ చెప్పకుండానే, ఆయన పుల్ల గాల్లో ఆగింది.

మేం ముగ్గురం మేడ ఎక్కేసరికి బెల్లు కొట్టి ఎనిమిది నిమిషాలైంది. లోపల క్లాసంతా గోలగోలగా ఉంది. సారు రమ్మని నోరు తెరిచి చెప్పేదాకా లోపలికి పోయేదే లేదని నేను వెళ్లి నా గోడకి ఆనుకున్నాను. మాస్టారు డ్రమ్ము దించి నా పక్కన నిలబడ్డారు. పురుషోత్తం సారు గుమ్మం దాకా వెళ్లి, వాచీ చూసుకుని, లోపలికి అడుగు పెట్టలేక అక్కడే ఆగిపోయారు.

మాస్టారు గోడ పక్కన కాస్త జరిగారు.

"రండి సార్, చోటుంది."