రంజని తీసేసిన పాత పద్ధతి

ఒక కొండ అడవిలో జంతువులు కూడా కంప్యూటర్లు పెట్టుకున్న కాలంలో జరిగిందిది, పిల్లలూ.

కంప్యూటర్ ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు ఒక చిన్న ప్రోగ్రాం లేస్తుంది. అది డిస్కును వెతుక్కుని, అందులో ఉన్న మిగతా ప్రోగ్రాంలను ఒక్కొక్కటే లేపుతుంది. ఆ అడవిలో ఆ చిన్న ప్రోగ్రాం రాసేది రంజని అనే పునుగుపిల్లి. తెలివైనది. పనంటే ప్రాణం.

ఆ ప్రోగ్రాం పాత డిస్కులను ఒక పద్ధతిలో, కొత్త డిస్కులను ఇంకో పద్ధతిలో లేపేది. పాత పద్ధతికి తాళం లేదు. ఎవరు ఏ డిస్కు పెట్టినా మారు మాట్లాడకుండా లేపేసేది. ఒకసారి నక్క దొంగ డిస్కు పెట్టి, ఉడతల గింజల కొట్టు తలుపులు తీయించుకుంది. చలికాలమంతా ఉడతలు పస్తులున్నాయి. అప్పుడే రంజని పాత పద్ధతిని తీసేయాలనుకుంది. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు.

తొందరపడలేదు కూడా. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ తెర మీద ఒక మాట కనిపించేలా పెట్టింది. పాత పద్ధతి త్వరలో పోతుంది, డిస్కు మార్చుకోండి అని. మొదటి ఏడాది జింకలు మార్చుకున్నాయి. రెండో ఏడాది కోతులు గొణుక్కుంటూ మార్చుకున్నాయి. మూడో ఏడాది ఎలుగుబంటి కూడా మార్చుకుంది.

ఇక తీసేస్తానని రంజని అడవి సభలో చెప్పింది. అప్పుడు ముసలి దుప్పి నాగలింగం, వాగు లోయలో ఉడుము ముత్యాలు దగ్గర ఏ డిస్కు ఉందో తెలుసా అని అడిగాడు.

"ఒకసారి వెళ్లి చూసి రా అమ్మా," అన్నాడు.

లోయకు దారి బాగుండదు. అడుగడుగునా జలగలు. రంజనికేమో చేతినిండా పని.

"మూడేళ్లుగా చెబుతూనే ఉన్నాను. ఇబ్బంది ఉంటే ఈపాటికి ఆయనే అడిగేవాడు," అంది రంజని.

ఆ వారమే కొత్త ప్రోగ్రాం తీగల మీదుగా అన్ని కంప్యూటర్లలోకీ చేరింది. ఎవరైనా మళ్లీ ఆన్ చేసేదాకా కాచుకుని కూర్చుంది.

లోయలో ముత్యాలు కంప్యూటర్‌కు ఒకటే పని. వాగులో నీళ్లు పెరిగితే హారన్ మోగించడం. అది వినగానే కుందేళ్లూ ముళ్లపందులూ పిల్లల్ని తీసుకుని మెట్ట మీదికి వెళ్లిపోయేవి.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం పిడుగు పడి, చాలా ఏళ్ల తర్వాత మొదటిసారి లోయలో కరెంటు పోయింది. కాసేపటికి వచ్చింది. కంప్యూటర్ మళ్లీ ఆన్ అయింది. కొత్త ప్రోగ్రాం లేచి డిస్కు కోసం వెతికింది. ఎదురుగా ఉన్న పాత డిస్కును గుర్తుపట్టలేదు. తెర నల్లగా ఉండిపోయింది.

ముత్యాలు మీట నొక్కాడు. ఆపి మళ్లీ నొక్కాడు. తీగలు ఊడదీసి, తుడిచి, బిగించి ఇంకోసారి నొక్కాడు. పై కొండల్లో కురిసిన వాన అప్పటికే వాగులోకి దిగుతోంది. ఆయన బయటికి పరుగెత్తి అరిచాడు. ఆ హోరులో ముసలి గొంతు ఎంత దూరం పోతుంది? దగ్గరి బొరియల వాళ్లు బయటపడ్డారు. దూరంగా ఉన్న ముళ్లపంది చిట్టెమ్మ ఇంట్లోకి నీళ్లు వచ్చేశాయి. చిట్టెమ్మ ఒక పిల్లను నోట కరుచుకుని ఈదింది. మిగతా ఇద్దరూ దొరకలేదు.

మర్నాడు రంజని బురదలో నడుచుకుంటూ వచ్చింది. నల్లటి తెర చూడగానే తనకు అర్థమైపోయింది.

"తాతా, మూడేళ్లు తెర మీద రాశాను కదా. నువ్వు చూడలేదా?" అని అడిగింది.

"అది ఆన్ చేసినప్పుడు కనిపించేదట కదమ్మా," అన్నాడు ముత్యాలు. "నేను ఈ పెట్టెను ఎప్పుడూ ఆపలేదు. ఆపితే హారన్ మోగదని భయం."

ఒడ్డున చిట్టెమ్మ నీళ్ల వంక చూస్తూ కూర్చుంది. రంజని వెళ్లి పక్కన కూర్చుంటే, కొంచెం అవతలికి జరిగింది.

రంజని ఆ రోజే ముత్యాలు డిస్కు మార్చింది. ఆ తర్వాత అడవిలో ప్రతి గుహకూ, ప్రతి బొరియకూ కాలినడకన వెళ్లి చూసింది.

లోయలో హారన్ ఇప్పుడు బాగానే మోగుతోంది. అది మోగినప్పుడల్లా చిట్టెమ్మ మిగిలిన పిల్లను వెంటబెట్టుకుని మెట్ట ఎక్కుతుంది. సగం దారిలో ఆగి, వెనక ఇంకా ఎవరో రావాల్సి ఉన్నట్టు చూస్తుంది. తర్వాత ఎక్కుతుంది.

నీతి: పాతబడినదాన్ని తీసేయవచ్చు. కానీ దాని మీద ఇంకా ఎవరి ప్రాణాలు ఆధారపడి ఉన్నాయో వెళ్లి చూడకుండా తీసేయకూడదు.