ఒక్క కేక

అచలయ్యగారికి ఒక అలవాటుండేది. శిష్యుడు ఏదైనా అడిగితే, అడిగిన చోట జవాబు చెప్పేవారు కాదు. చేతికర్ర తీసుకుని "పద, కాస్త తిరిగొద్దాం" అనేవారు. ప్రశ్న ఆశ్రమంలో పుడితే జవాబు ఏ పొలం గట్టునో, ఏ కొలిమి దగ్గరో దొరికేది. దొరకనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి నడకే లాభం.

ఆయన శిష్యుల్లో ముత్యాలరావు అని ఒకాయన, యాభై దాటిన మనిషి. తండ్రి తద్దినం నాడు తమ్ముడు సూరన్నతో మాటా మాటా పెరిగింది. సూరన్న కట్టుబట్టలతో వెళ్ళిపోయాడు. అనరాని మాట అన్నది తానేనని ముత్యాలరావుకు తెలుసు. తమ్ముడు తిరిగి ఇంటికొస్తే చాలని మూడేళ్ళుగా దేవుణ్ణి వేడుకుంటున్నాడు. ఇంట్లో మొక్కితే చాలడం లేదనుకున్నాడేమో, భార్యను పుట్టింటికి పంపి, ఇంటికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని ఆశ్రమానికి వచ్చేశాడు.

"స్వామీ, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని" అన్నాడు ఒకనాటి ఉదయం. "మొదట్లో వాడు కాకినాడలో ఉన్నాడన్నారు. నేను మొక్కడం మొదలెట్టాక బరంపురం పోయాడట. దగ్గరవుతాడనుకుంటే దూరమవుతున్నాడు. అసలు నా మొర పైవాడికి వినిపించిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"పద" అన్నారు అచలయ్యగారు.

ఇద్దరూ గోదావరి రేవుకు వచ్చారు. వరద తీసింది కానీ నీరు ఇంకా ఎర్రగా, వడిగా పోతోంది. నది నడుమ మొగలిలంక. పడవ లంక ఒడ్డున ఉంది. ఈవలి రేవులో మంత్రసాని గంగరత్నం, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, సంచి చంకన పెట్టి, మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఉంది. లంకలో ఒక కోడలికి తొలి కాన్పు. నొప్పులు మొదలయ్యాయని తెల్లారగట్ల కబురొచ్చింది. బిడ్డ అడ్డం తిరిగి ఉందన్న అనుమానం ముందునుంచీ ఉంది.

గంగరత్నం అరచేతులు నోటికి అడ్డం పెట్టి ఒక్క కేక వేసింది. "ఓ అప్పన్నోయ్... పడవా!"

అవతల నుంచి బదులు లేదు. కాసేపటికి పడవ మాత్రం కదిలింది. కదిలి, ఇటు రాకుండా, ఆ ఒడ్డు వెంబడే ఎగువకు పోసాగింది. పోయి పోయి రెల్లు పొదల చాటున కనిపించకుండా పోయింది.

తల్లీబిడ్డల ప్రాణం అక్కడ, ఈవిడ ఇక్కడ. ముత్యాలరావు కాలుగాలిన పిల్లిలా ఇసుకలో అటూ ఇటూ తిరిగాడు. మొలలో తాళంచెవి టింగుటింగుమంది.

"అమ్మా, నిమ్మకు నీరెత్తినట్టు నిలబడ్డావేమిటి? అతను వెళ్ళిపోయాడు! ఇంకో కేక వెయ్యి."

"ఒకసారి పిలిచేను కదండీ."

"వినపడలేదేమో!"

గంగరత్నం అప్పుడు తల తిప్పి చూసింది. "ఇరవయ్యారేళ్ళబట్టి పిలుత్తున్నానండి. ఒక్క కేకకి రాని రోజు లేదు. ఇయ్యాల రెండో కేక ఏత్తే, రేపు ఆయన మొకం నేనెలా సూడను?"

"పోనీ, రెండు కోసులు నడిస్తే ఎగువన ఇంకో రేవుంది. పద, సంచి నేను మోస్తాను!"

"నేనిక్కణ్ణించి కదిలితే, ఆయనొచ్చి ఎవర్ని ఎక్కించుకుంటాడండీ?"

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతులో బతిమాలడం లేదు, బెంగ లేదు. తన పిలుపు మీద, పిలిచిన మనిషి మీద ఉన్న గర్వమే ఉంది. ముత్యాలరావు మళ్ళీ ఏటి ఎగువకు చూడసాగాడు. అచలయ్యగారు మాత్రం ఇసుకలో చతికిలబడి గులకరాళ్ళు ఏరుకుంటున్నారు.

అప్పుడు నది నడుమ, చాలా ఎగువన, పడవ కనిపించింది. ప్రవాహంతో పాటు ఏటవాలుగా జారుకుంటూ వచ్చి, గంగరత్నం మోకాళ్ళ ముందు ఆగింది. ఆవిడ సంచి లోపల పెట్టి ఎక్కి కూర్చుంది. అప్పన్నతో ఒక్క మాట కూడా అనలేదు.

ముత్యాలరావు ఉండబట్టలేకపోయాడు. "ఏమయ్యా, పిలిస్తే ఓయ్ అనవచ్చు కదా!"

"ఓయ్ అనే ఊపిరి గెడ మీద పెడితే నాలుగు బారలు ముందుకొత్తానండి" అన్నాడు అప్పన్న, చేతిలోని పొడుగాటి వెదురు చూపిస్తూ.

"మరి ఇటు రాకుండా అటు పోయావెందుకు?"

"ఎదురుగా దిగితే ఏరు నన్ను ఈడ్సుకుపోయి ఆ తుమ్మల కాడ పడేత్తదండి. అంత పైకెల్లేను కాబట్టే ఈవిడ కాళ్ళ కాడికొచ్చేను." అంటూనే గెడ ఊని పడవను నీళ్ళలోకి తోశాడు.

గురుశిష్యులిద్దరూ కదల్లేదు. పొద్దు నడినెత్తికి వచ్చి, వాలడం మొదలెట్టింది. అవతల ఏం జరుగుతోందో తెలియదు. ముత్యాలరావు ఈసారి పచార్లు చేయలేదు, గంగరత్నం నిలబడ్డ చోటునే చూస్తూ కూర్చున్నాడు. మూడో జాము దాటాక పడవ తిరిగొచ్చింది. ఇరవయ్యారేళ్ళలో ఒక్క కేకకూ బదులివ్వని అప్పన్న, ఆ రోజు మాత్రం నది మధ్యనుంచే గెడ పైకెత్తి గొంతు చించుకున్నాడు.

"ఆడపిల్లండోయ్! తల్లీపిల్లా కులాసా! మా గంగరత్నం సేతిలో అడ్డం తిరిగిన బిడ్డ కూడా సెప్పినట్టు ఇంటదండోయ్!"

ఆ ఆడపిల్ల మా అమ్మ. అందుకే ఈ కథ చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెద్దదవుతుంది. మా రేవు గొప్ప చెప్పుకుంటున్నాననుకున్నా సరే, అది గొప్ప రేవే.

ముత్యాలరావు కళ్ళు తుడుచుకుని గురువుగారి పాదాలకు దణ్ణం పెట్టాడు. "అర్థమైంది స్వామీ. పడవ అటు పోయిందంటే రాదని కాదు. ఇక అనుమానపడను. ఎన్నేళ్ళయినా సరే, మీ ఆశ్రమంలోనే కూర్చుని మా తమ్ముడి కోసం ఎదురుచూస్తాను."

అచలయ్యగారు చేతికర్ర ఊనుకుని లేచారు. నాలుగడుగులు వేసి ఆగారు. ముత్యాలరావు మొల వంక చూశారు.

"ఆ తాళంచెవి ఏ ఇంటిదన్నావు నాయనా?"